పద్నాలుగు రోజుల మార్గదర్శులు

గుమ్మడిపేటలో అందరికన్నా తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే, లైబ్రేరియన్లు అని జవాబొస్తుంది. ఆ జవాబు చెప్పేది కూడా లైబ్రేరియన్లే. మిగతా ఊరికి కాదనే తీరిక లేక ఊరుకుంది.

"తెలివి ఎక్కడుంటుంది? పుస్తకాల్లో. పుస్తకాలు ఎక్కడుంటయ్? బీరువాల్లో. బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నయ్? మన దగ్గర! మరి ఊళ్ళో తెలివంతా ఎవరిదయ్యా?" అంటూ పానకాలరావు బొడ్లో తాళాల గుత్తి గలగలలాడించేవాడు. ఆయన గుమ్మడిపేట లైబ్రేరియన్ల సంఘానికి ఇరవై రెండేళ్ళుగా అధ్యక్షుడు. అన్నేళ్ళలో ఒక్క పుస్తకమైనా తెరిచి చదివాడా అంటే, ఆ నింద ఆయన మీద వేయటానికి లేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటూ కూర్చుంటే బేరం సాగుతుందా అని ఆయన వాదన.

సంఘంలో మొత్తం తొమ్మిదిమంది. తొమ్మిదిమందిదీ ఒకటే పద్ధతి, రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు చేయటం. వెనకటికి ఒకసారి లైబ్రరీ గోడకి "ఈ గోడపై కాగితములు అంటించరాదు" అన్న కాగితం అంటించాల్సి వచ్చింది. పానకాలరావు జిగురు రాశాడు, కాగితం మీదున్నది చదివాడు, చెయ్యి ఆగిపోయింది. అంటించరాదని అంత స్పష్టంగా రాసుంటే ఎలా అంటిస్తాడు? అంతే, ఆ కాగితాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని గోడ పక్కన మూడు రోజులు నిలబడ్డాడు. "అధ్యక్షుడంటే ఇట్టా ఉండాలి" అని సంఘమంతా మురిసిపోయింది.

అటువంటి సంఘానికి ఒకనాడు రాష్ట్ర సంఘం నుంచి ఉత్తరం వచ్చింది.

"మీరు కొన్నేళ్ళుగా ఏ కార్యక్రమమూ జరపలేదు. నెల తిరిగేలోగా సభ్యులంతా కుటుంబాలతో సరదాగా కలుసుకునే వేడుక ఒకటి జరపండి. అనుభవం ఉన్నవాళ్ళు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి మార్గదర్శులుగా ఉండే ఏర్పాటు ఒకటి చేయండి. మా పరిశీలకురాలు వైదేహి గారు స్వయంగా వచ్చి చూస్తారు. రెండూ జరిగితే సరే. లేదంటే మీ సంఘాన్ని తుమ్మలదొడ్డి సంఘంలో కలిపేస్తాం."

చివరి మాట దగ్గరికి వచ్చేసరికి పానకాలరావు ఉత్తరాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తుమ్మలదొడ్డి సంఘానికి అధ్యక్షుడు బుజ్జిబాబు. ఆ బుజ్జిబాబు ఎవరో కాదు, పానకాలరావుకి సొంత తోడల్లుడు. అందులోనూ చిన్నల్లుడు. పదకొండేళ్ళ కిందట అత్తారింట్లో, పెద్దల్లుడైన తన విస్తట్లో కన్నా ముందు ఆ చిన్నల్లుడి విస్తట్లో గారె పడింది. ఆ గారె పానకాలరావుకి ఇప్పటికీ అరగలేదు. ఇప్పుడు సంఘం కూడా వాడి చేతికి పోతే ఇక ఆ ఇంట్లో తలెత్తుకునేదెలా?

"గారె పోతే పోయింది, సంఘం పోతే మాత్రం నేను బతకను సుగుణా" అని భార్య దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఊరుకోండి. మీ తెలివి ఉండగా సంఘానికేం కాదు" అంది సుగుణమ్మ. ఆ మాటకి ఆయనకి ధైర్యం వచ్చింది. వినేవాళ్ళకి మాత్రం భయం వేయాలి.

మర్నాడే లైబ్రరీ హాల్లో సమావేశం పెట్టాడు. హాల్లో గోడ మీద "నిశ్శబ్దం" అని బోర్డు ఉంది. బోర్డు ఉండగా నోరెలా విప్పుతారు? అందుకని ఎవరికి తోచింది వాళ్ళు చీటీ మీద రాసి బల్ల మీద పెట్టాలని తీర్మానించారు. ఆ తీర్మానం కూడా చీటీ మీదే చేశారు.

గుమ్మడిపేటకి కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ హైమావతి. ఉద్యోగంలో చేరి పది రోజులే అయింది. పాపం, ఆవిడకి ఉద్యోగంలో బోలెడు సందేహాలు. సభ్యుడికి ఎన్ని పుస్తకాలివ్వాలి, లావు పుస్తకాలు ఎక్కడ పెట్టాలి, పుస్తకం ఎన్నాళ్ళకి ఇవ్వాలి అని ఒక్కో చీటీ రాసి పెట్టింది. ముప్ఫై అయిదేళ్ళ అనుభవం ఉన్న బసవపున్నయ్య వాటికి టకటకా జవాబులు రాసి పెట్టాడు. చెప్పొద్దూ, కొత్తవాళ్ళకి దారి చూపించటం అనే పని అక్కడే, ఆ అయిదు నిమిషాల్లోనే అయిపోయింది. కానీ ఆ సంగతి ఎవరూ గమనించలేదు. మిగతావాళ్ళు వేడుక గురించి, విందు గురించి, మార్గదర్శుల గురించి ప్రశ్నలూ జవాబులూ రాస్తూనే ఉన్నారు. గంటయ్యేసరికి బల్ల మీద చీటీల గుట్ట లేచింది.

సంఘం కార్యదర్శి అలివేలమ్మ ఆ గుట్టని చూసి తట్టుకోలేకపోయింది. "ఇన్ని కాగితాలు వరసా వావీ లేకుండా ఇట్టా పడేస్తారా? మనం లైబ్రేరియన్లమా, పకోడీ బండి వాళ్ళమా?" అని కోపంగా ఒక చీటీ రాసింది. అందరూ సిగ్గుతో తలలు దించుకున్నారు. అంతే, ఆవిడ చీటీలన్నిటినీ 'అ' నుంచి 'హ' దాకా అక్షర క్రమంలో పేర్చేసింది. ఏ ప్రశ్న ఎవరిదో, ఏ జవాబు దేనిదో ఇక ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పేర్చిన కట్ట తీసుకుని, చదవటానికి అందరూ వరండాలోకి వెళ్ళారు. వరండాలో బోర్డు లేదు మరి. అయితే సమావేశమే వరండాలో పెట్టుకోవచ్చు కదా అని మీరడుగుతారు. మీరు లైబ్రేరియన్లు కారు కాబట్టి అడుగుతున్నారు.

మొట్టమొదట తొమ్మిది "అలాగే"లు వచ్చాయి. "దేనికండీ అలాగే?" అంది హైమావతి. "అందరూ అలాగే అన్నాక దేనికైతే ఏముంది? ఆమోదించాం" అన్నాడు పానకాలరావు.

తర్వాత చీటీ, "ఏమేం వడ్డిద్దాం?" దాని కింద చీటీ, "కార్డుకి రెండే ఇవ్వాలి. అవి తిరిగి తెచ్చాకే ఇంకో రెండు."

"బాగుంది. రాసుకో అలివేలమ్మా" అన్నాడు పానకాలరావు.

"బంధువుల్ని ఎక్కడ కూచోబెడదాం?" అని ఇంకో చీటీ. దాని కిందే, "బరువైనవి కింది అరలో, తేలికైనవి పై అరలో."

"ఇదీ బాగుంది."

"మార్గదర్శుల్ని ఏం చేద్దాం?" దాని కింద, "ముద్ర వేసి పద్నాలుగు రోజులకి ఇంటికి ఇవ్వాలి."

"శభాష్! ఎవరు రాశారో గానీ, వాళ్ళ చెయ్యి చల్లగుండా!" అని పానకాలరావు లేచి చప్పట్లు కొట్టాడు. బసవపున్నయ్య తను రాసిందే అని గుర్తుపట్టి గర్వంగా చొక్కా సర్దుకున్నాడు. దేనికి రాశాడో ఆయనకీ గుర్తు లేదు. చివర్లో హైమావతి ప్రశ్నలు మూడూ జవాబుల్లేకుండా మిగిలిపోయాయి. వాటిని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

మర్నాటి నుంచీ పని మొదలు. మార్గదర్శులుగా ముగ్గురు తేలారు: పానకాలరావు, అలివేలమ్మ, బసవపున్నయ్య. ఇంటికి ఇవ్వాలంటే ముందు కాటలాగు కార్డు ఉండాలిగా! అలివేలమ్మ టేపు తెచ్చి ముగ్గురినీ కొలిచి కార్డులు రాసింది. పానకాలరావు తన కార్డు చూసుకున్నాడు. "పానకాలరావు. ఎత్తు నూట అరవై రెండు సెంటీమీటర్లు. బొమ్మలు లేవు. విషయసూచిక లేదు. పై అట్ట ఊడినది" అని ఉంది.

"పై అట్ట ఏందమ్మా?" అన్నాడు బట్టతల తడుముకుంటూ.

"ఉన్నది ఉన్నట్టు రాయకపోతే అది కాటలాగు ఎట్టా అవుతదండీ?" అంది అలివేలమ్మ. అదీ నిజమేననుకున్నాడు.

తర్వాత ఒక్కొక్కరి వీపు మీదా తేదీ చీటీ అంటించారు. హాల్లో ఒక బెంచీకి "మార్గదర్శులు" అని రాసి ముగ్గురూ వరసగా కూర్చున్నారు. హైమావతి వచ్చి, కాసేపు చూసి, బసవపున్నయ్యని ఎంచుకుంది. అలివేలమ్మ ఆయన వీపు మీద టక్కున ముద్ర వేసి, జాగ్రత్తల కాగితం ఆవిడ చేతిలో పెట్టింది. "తడి తగలనివ్వరాదు. ఎండలో ఉంచరాదు. తినుబండారముల దగ్గర పెట్టరాదు. గీతలు గీయరాదు. మరొకరికి ఇవ్వరాదు." హైమావతి ఆయన్ని గొడుగు కింద జాగ్రత్తగా ఇంటికి తీసుకుపోయింది.

ఇక అలివేలమ్మ. సంఘంలో ఎక్కువ విషయాలు తెలిసిన మనిషి ఆవిడే. లావుపాటి నిఘంటువుని ఇంటికి ఇవ్వరు కదా, ఆ లెక్కన తన కార్డు మీద తనే "ఇక్కడే చదువుకోవలెను, బయటికి ఇవ్వబడదు" అని ముద్ర కొట్టుకుంది. ఇంకేముంది, సాయంత్రం ఇంటికి వెళ్ళటానికి లేకుండా పోయింది. మూడో రోజు ఆవిడ మొగుడు వచ్చి, వరండాలో పానకాలరావుని పట్టుకున్నాడు.

"ఇంటో పొయ్యి వెలగలా, ఇంకో నాలుగు రోజులైతే పిల్లి కూడా పోయేట్టుంది. మా ఆవిణ్ణి పంపండి సార్" అన్నాడు.

"బయటికి ఇవ్వబడదండీ. కావాలంటే ఇక్కడే కూచుని చూసుకోండి. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా" అన్నాడు పానకాలరావు. ఆ మానవుడు కాసేపు కూర్చుని, భార్యని చూసుకుని, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మిగిలింది పానకాలరావు. బెంచీ మీద ఆయన ఒక్కడే. ఒక రోజు గడిచింది, నాలుగు రోజులు గడిచాయి, వారం గడిచింది. ఆయన్ని ఎవరూ తీసుకోలేదు. సంఘంలో చిన్నవాళ్ళు బెంచీ దాకా వచ్చేవాళ్ళు, కార్డు చదివేవాళ్ళు, పెదవి విరిచి పోయేవాళ్ళు. రోజూ పేపరు చదవటానికొచ్చే పెన్షనర్ ఒకాయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఈయనా! ఈయన సంగతి మనకి తెలియందేముంది" అని పక్కకి తిరిగాడు. ఇరవై రెండేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నవాడు, పోనీ ఒక్క పూటకైనా, ఒక్కడికైనా అక్కర్లేకపోయాడు. ఎవరైనా వస్తారేమోనని రోజుకి రెండుసార్లు తనే వీపు మీద దుమ్ము దులుపుకునేవాడు. ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేదు. బెంచీ ఉన్నది నిశ్శబ్దం బోర్డు కిందే మరి.

ఎనిమిదో రోజున హైమావతి అత్తగారు కొంగు బిగించి వచ్చిపడింది.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఎవరయ్యా ఆ ముసలాయన? మా కోడలు తెచ్చి ముందుగదిలో కుర్చీలో పెట్టింది. ఆయన పలకడు, ఉలకడు. ఇదేందయ్యా బాబూ అని నేనడిగితే, 'పుస్తకం తనంతట తను మాట్లాడదమ్మా, తెరిచి చదువుకోవాలి' అన్నాడు. మా కోడలేమో ఎక్కడ తెరవాలో తెలియక చుట్టూ తిరుగుతోంది!"

"స్నానపానాలు జరుగుతున్నయ్యా అమ్మా?" అన్నాడు పానకాలరావు, వరండాలోకి తీసుకెళ్ళి.

"తడి తగలకూడదంట, స్నానం లేదు. నాలుగో రోజు నుంచీ ఇల్లంతా ముక్కిన పుస్తకాల వాసన! తిండి దగ్గర పెట్టకూడదంట, వంటింట్లోకి రానివ్వటంలా. ఉసురు తగులుతుందేమోనని నేనే రోజుకి నాలుగు అరటిపళ్ళు గుమ్మంలోంచి విసురుతున్నా. పట్టుకుంటే తిన్నట్టు, జారవిడిస్తే పస్తున్నట్టు."

పానకాలరావు జాగ్రత్తల కాగితం తెప్పించి రెండుసార్లు చదివాడు. "పుస్తకాన్ని తిండి దగ్గరికి తీసుకుపోకూడదని ఉంది గానీ, తిండిని పుస్తకం మీదికి విసరకూడదని ఎక్కడా లేదు. మీరు చేసేది న్యాయమేనమ్మా. కానివ్వండి" అని తీర్పు చెప్పాడు. ఆవిడ కొంగు దులుపుకుని, వచ్చిన దారినే పోయింది.

అలా పద్నాలుగు రోజులూ గడిచి ఆదివారం వచ్చింది. ఊరి బయట కాలవ పక్కన మామిడితోటలో వేడుక. అలివేలమ్మ బయటికి వెళ్ళినట్టు కాకుండా, లైబ్రరీ పేరు బోర్డు ఊడదీసి తెచ్చి తోట గేటుకి కట్టారు. వంటలు బ్రహ్మాండంగా చేయించారు. అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, పులిహోర, చారు, పాయసం. వైదేహి గారు రైలు దిగి ఆటోలో వచ్చారు. నిండైన మనిషి, నవ్వు మొహం. తోడల్లుడన్నాక పిలవకపోతే అత్తారింట్లో మాట వస్తుందని బుజ్జిబాబుని కూడా పిలిచారు. ఆయన కొత్త స్కూటర్ మీద, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మరీ వచ్చాడు. "ఏం అన్నయ్యగారూ, అంతా కుశలమేనా? ఇయ్యాలో రేపో మనమంతా ఒకటే సంఘమంటగా!" అన్నాడు. పానకాలరావుకి కడుపు మండిపోయింది. ఏమైనా సరే, సంతకం పడేదాకా పొరపాటు రాకూడదని పళ్ళు బిగించుకున్నాడు.

ముందు కూర్చోబెట్టే కార్యక్రమం. తోటలో ధాన్యం తూచే కాటా ఉంటే, వచ్చినవాళ్ళని వచ్చినట్టు దాని మీదికి ఎక్కించారు. బరువైనవాళ్ళకి కింది అర, అంటే కాలవ గట్టు దిగువన పరిచిన చాప. మధ్యరకం వాళ్ళకి బెంచీలు. తేలికవాళ్ళకి పై అర, అంటే పంపుషెడ్డు కప్పు. నిచ్చెన వేశారు. ముఖ్య అతిథి వైదేహి గారు కాటా ఎక్కగానే ముల్లు గిర్రున తిరిగింది. ఇంకేముంది, ఆవిడని పూలదండతో సహా గట్టు కిందికి దించి చాప మీద కూర్చోబెట్టారు. హైమావతి అత్తగారు బక్కపలచని మనిషి. "ఈ వయసులో నేను మిద్దెలెక్కేదేంది!" అని మొత్తుకుంటున్నా వినకుండా పంపుషెడ్డు ఎక్కించారు. సుగుణమ్మ వంతుకి చాప, పానకాలరావు వంతుకి బెంచీ. కుటుంబాలన్నీ చెల్లాచెదురైపోయాయి.

అప్పుడు హైమావతి గొడుగు పట్టుకుని బసవపున్నయ్యని వాపసు తెచ్చింది. పద్నాలుగు రోజులు అరటిపళ్ళ మీద బతికిన మనిషి, కాటా ఎక్కితే ముల్లు కదలనే లేదు. "వెళ్ళేటప్పుడు మధ్య అర, వచ్చేటప్పుడు పై అర" అని రాసుకుని అలివేలమ్మ ఆయన్ని కూడా కప్పు మీదికి పంపింది. కింద వంటల వాసన వస్తుంటే ఆయన పైనుంచి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"వడ్డన మొదలెట్టండి!" అని కేకేశాడు పానకాలరావు. కార్డుకి రెండు. వైదేహి గారి విస్తట్లో అన్నం, పాయసం పడ్డాయి. "పప్పు ఏదండీ?" అన్నారావిడ.

"ఇవి తిని విస్తరి తిరిగివ్వండి మేడం, ముద్ర వేసి ఇంకో రెండు ఇస్తాం."

"మరి అన్నంలో ఏం కలుపుకోను?"

"అది పాఠకుల ఇష్టమండీ, మేం కలగజేసుకోం" అన్నాడు పానకాలరావు వినయంగా.

ఒకరికి గోంగూర, చారు వచ్చాయి. ఒకరికి వట్టి వంకాయలు, పులిహోర. సుగుణమ్మకి ముద్దపప్పు, నెయ్యి, అంతే. పక్కవాళ్ళ విస్తట్లో అన్నం కనపడుతుంటే ఓ ముద్ద తీసుకోబోయింది. "ఒకరి పేరున ఇచ్చినవి మరొకరు వాడకూడదు!" అని అలివేలమ్మ చెయ్యి పట్టుకుంది. పప్పు తిని విస్తరి తిరిగిచ్చి సుగుణమ్మ అన్నం తెచ్చుకునేసరికి, పప్పు అప్పుడే తిరిగిచ్చేసిన ఖాతాలో పడిపోయింది. తోటంతా జనం విస్తళ్ళు పట్టుకుని బల్ల దగ్గరికీ చాపల దగ్గరికీ పరుగులు. పంపుషెడ్డు మీద వాళ్ళకి బుట్టకి తాడు కట్టి పంపిస్తుంటే, పైకి వెళ్ళే చారులో సగం బుజ్జిబాబు నెత్తి మీదే పడింది.

అది చూసి వైదేహి గారికి నవ్వు ఆగింది కాదు. నవ్వి నవ్వి చాప మీద ఒరిగిపోయారు. "అబ్బ! ఎన్ని సభలకి వెళ్ళానో లెక్కే లేదండీ. ప్రతి చోటా ఉపన్యాసాలు, శాలువాలు, మళ్ళీ ఉపన్యాసాలు. మనుషులు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటూ ఇట్లా పరుగులు తీస్తూ నవ్విన సభ ఇదొక్కటే. భలే ఆట కనిపెట్టారు!" అన్నారు. ఆట ఏమిటో పానకాలరావుకి అర్థం కాలేదు. మెచ్చుకుంటున్నారని మాత్రం అర్థమైంది.

ఆవిడ హైమావతిని పిలిచి, "మార్గదర్శి వల్ల ఏమైనా లాభం జరిగిందా అమ్మా?" అని అడిగారు.

"ఆయన పద్నాలుగు రోజులూ పని గురించి నోరే తెరవలేదండీ. ఇక ఏం చేస్తాను, నా లైబ్రరీ పనులన్నీ నేనే ఆలోచించుకుని చేసేసుకున్నా" అంది హైమావతి, ఫిర్యాదు చేస్తున్నట్టు.

వైదేహి గారి కళ్ళు మెరిశాయి. "నోరెత్తకుండా పక్కన కూచుని, కొత్తవాళ్ళని సొంతంగా పని చేసుకోనిచ్చిన సీనియరా! ఇంతకు మించిన మార్గదర్శి ఎక్కడ దొరుకుతాడు? పానకాలరావు గారూ, మీ సంఘాన్ని ఎవరిలోనూ కలపటం లేదు. ఇదిగో కాగితం, ఇప్పుడే రాసేస్తున్నా" అన్నారు.

పానకాలరావుకి ఏనుగెక్కినంత సంబరం! బుజ్జిబాబు మొహం చూద్దామని తిరిగాడు. బుజ్జిబాబు చారు తుడుచుకుంటూ, ఓడిపోయినా నవ్వుతూనే, "పోన్లెండి అన్నయ్యగారూ, మీరే గెలిచారు. ఇట్టాంటి మార్గదర్శిని మాకూ ఒకర్ని ఇప్పించండి, మా తుమ్మలదొడ్డి కూడా బాగుపడుద్ది" అని వేళాకోళమాడాడు.

అలివేలమ్మ చటుక్కున రిజిస్టరు తెరిచింది. అడిగినవాళ్ళకి లేదనటం ఆ సంఘంలో లేదు. "బసవపున్నయ్య గారు శిథిలమయ్యారు, బైండింగుకి పంపాలి. నన్ను బయటికి ఇవ్వరు. ఇహ అరలో ఉంది మన పానకాలరావు గారొక్కరే. తీసుకుంటారా?"

బుజ్జిబాబు నవ్వాపుకుని, "మహాభాగ్యం, తీసుకుంటా" అన్నాడు.

పానకాలరావు బుజ్జిబాబు వైపు గిర్రున తిరిగాడు. పద్నాలుగు రోజులు! పద్నాలుగు రోజులు దుమ్ము దులుపుకుంటూ కూర్చుంటే ఒక్క పురుగు తొంగి చూడలేదు. ఇప్పుడు ఒక మనిషి నోరు తెరిచి తనని కావాలన్నాడు. ఆ మనిషి ఎవడైతేనేం? గారె సంగతి కూడా ఆ క్షణాన మర్చిపోయాడు. కళ్ళు చెమర్చాయి. ఆయనే వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు. అంతే, టక్కున ముద్ర పడింది.

ఇంతలో వైదేహి గారు కాగితం రాయటం ముగించారు. "ఇక్కడ సంఘం అధ్యక్షుడి సంతకం కావాలండీ. త్వరగా పెట్టేయండి, నా రైలు టైమవుతోంది" అని పెన్ను అందించారు.

పానకాలరావు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను లేనండీ."

"ఎదురుగానే ఉన్నారు కదండీ!"

"కళ్ళకి కనపడుతున్నాను గానీ, రిజిస్టరు ప్రకారం లేనండీ. ఇంటికి ఇచ్చేశారు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం దాకా దొరకను."

"అయితే ఒక్క నిమిషం వాపసు రండి, సంతకం పెట్టి మళ్ళీ వెళ్ళండి" అన్నారు వైదేహి గారు తల పట్టుకుని.

"ఒక్క పేజీ అయినా చదవకుండా వాపసు ఇచ్చేశారంటే నా పరువేం కావాలండీ? అసలే ఇన్నాళ్ళకి ఒకరు తీసుకున్నారు" అన్నాడాయన.

"ఏవండీ, పోనీ ఆ సంతకం ఏదో పెట్టరాదా?" అంది సుగుణమ్మ చాప మీద నుంచి.

"నీకు తెలియదు, ఊరుకో. ఇవి చదువుకున్నవాళ్ళ వ్యవహారాలు."

ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. వైదేహి గారు గడియారం చూసుకున్నారు. "మరి ఈయన తరఫున ఎవర్ని అడగాలి?"

"ఎవరి పేరున ఉన్నారో వాళ్ళే బాధ్యులండీ" అని అలివేలమ్మ రిజిస్టరులో వేలు పెట్టి చూపించింది. అక్కడ బుజ్జిబాబు పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. బుజ్జిబాబు నల్లకళ్ళద్దాలు తీసి, పెన్ను అందుకుని, అధ్యక్షుడు అన్న చోట తీరిగ్గా, తోకలు తిప్పి, కింద రెండు గీతలు గీసి మరీ సంతకం పెట్టాడు. వైదేహి గారు కాగితాన్ని ఒకసారి చూసి, బుజ్జిబాబుని ఒకసారి చూసి, పానకాలరావుని రెండుసార్లు చూశారు. ఆవిడకి ఏదో చెప్పాలనిపించింది. కానీ రైలు ఆగదు కదా! ఒక ప్రతి సంచిలో పెట్టుకుని, రెండో ప్రతి అధ్యక్షుడికి చెందాలి కాబట్టి బుజ్జిబాబు చేతిలో పెట్టి ఆటో ఎక్కేశారు.

"గెలిచాం! సంఘాన్ని కలపనివ్వలా!" అని పానకాలరావు చేతులెత్తి అరిచాడు. తోటంతా చప్పట్లు మోగాయి. పంపుషెడ్డు మీద బసవపున్నయ్య కూడా ఓపిక కూడదీసుకుని రెండు చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ళలో పానకాలరావుకి అంత తృప్తి ఎన్నడూ కలగలేదు.

బుజ్జిబాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, స్కూటర్ తెచ్చి ముందు నిలిపాడు. పానకాలరావు తడి తగలకుండా గొడుగు తెరుచుకుని వెనక సీటు ఎక్కాడు. ఒక్క క్షణం ఆగమని తోడల్లుడి భుజం తట్టి, తన సంఘం వాళ్ళందరినీ దగ్గరికి పిలిచాడు.

"నేను లేని ఈ పద్నాలుగు రోజులూ జాగ్రత్త! ఎవరెన్ని చెప్పినా సరే, మన సంఘం కాగితాన్ని ఈ బుజ్జిబాబు చేతికి మాత్రం చిక్కనివ్వొద్దు!"

"మీరు నిశ్చింతగా ఉండండి అన్నయ్యగారూ, అది ఎవరి చేతికీ చిక్కకుండా నేను చూసుకుంటాగా" అన్నాడు బుజ్జిబాబు, జేబు తడుముకుని బండి స్టార్ట్ చేస్తూ. ఆ మాట విన్నాక పానకాలరావు మనసు కుదుటపడింది.